మామ నోట్లకు చూసిన రోజు

మొన్న శుక్రారం కోదాడల ఉంటున్న మాకు కబురొచ్చింది, మిర్యాలగూడల బిందెలు చేసే ముసలాయన పోయిండని. ఆయన మా మామ, నా పెనిమిటి తండ్రి. ఏడుపుతోపాటు నాకు కోపం కూడ వచ్చింది. బిందెలు ఎవలైనా చేస్తరు. ఆయన దవాఖాన సామాన్లు చేసిండు. ఆ మాట ఎవలూ అనలే, అందుకే రాస్తున్న.

నిజాం సర్కారు ఆఖరి దినాలల్ల దారులు బందై, పట్నం నుంచి దవాఖానకు సామాను రాకపోయేది. మామ ఇగ ఊకుంటడా? చెవిల మందు పోసే గొట్టం, నాలుక అణిచే బద్ద, అన్నీ ఇత్తడితోనే చేసిండు. పరీక్ష ముందుగాల ఇంట్లోళ్ల మీదనే. ఆయన చేతుల ఏదన్న మెరిస్తే చాలు, మా అత్త చీపురు పట్టుకొని పెరట్లకు ఉరికేది. "మనిషి ఒళ్లు బిందె కన్న మెత్తన" అనుకుంట అంచులన్నీ నున్నగ రుద్దేటోడు.

అన్నిట్ల ఆయనకు ముద్దుది, గొంతుల ఇరికిన చేపముల్లు తీసే వంకర పట్కారు. డాక్టరు సాబు దాన్ని అటిటు తిప్పి, పొయ్యిల బొగ్గులు తీయనీకె మంచిగుంటది, గొంతుల పెడితే చీరుకపోతదన్నడు. మామ మూడొద్దులు సరిగ అన్నం తినలే. నాలుగోనాడు, ముల్లు ఇరికి దవాఖానకు పోతున్న వేములపల్లి బుచ్చమ్మను దారిలనే ఆపి తీసిండు. నొచ్చిందా అంటే, ముల్లు నొచ్చిందో పట్కారు నొచ్చిందో నాకేమెరుక అన్నదామె. మామ ఆ సంబురంల పట్కారు మీద ఆమె పేరు కొట్టిండు. అలవాటు మరి, మా దిక్కు కొన్నోళ్ల పేరు కొట్టియ్యంది ఏ గిన్నె ఇంటికి పోదు. బుచ్చమ్మ తన పేరున్న సామాను కొంగున కట్టుకొని పోయింది.

వేములపల్లి నా తల్లిగారి ఊరు. కొన్నొద్దులకు, పట్కారు వాపస్ తెద్దామని నన్ను తోలుకొని పోయిండు. బుచ్చమ్మ ససేమిరా అన్నది.

"పేరు కొట్టింది నువ్వే గద పెద్దమనిషీ?"

మామ మొకం మాడ్చుకొని అక్కడ్నే కూసున్నడు. కోపం తగ్గాలని ఆమె చేపల పులుసు పెట్టింది. మామ కోపంగనే తిన్నడు, ముల్లు గొంతుకడ్డం పడ్డది. కండ్లు తేలేసిండు. బుచ్చమ్మ ఆయన తలకాయ చంకల ఇరికిచ్చుకొని, అదే పట్కారుతోని ముల్లు గుంజి పడేసింది. అప్పటికే ఊర్లె పదిమందికి తీసిందట.

మామ ఇగ పట్కారు ముచ్చటే ఎత్తలే. తిరిగొస్తుంటె పొలం గట్టు మీద ఆగిండు. ఆ రోజులల్ల కోడలు మామ మొకం తలెత్తి చూసేది కాదు. నేను కొంగు కప్పుకొని నాలుగడుగులు వెనుక నడుస్తున్న.

"బిడ్డా, సిగ్గుపడకు. జర నోట్లకు సూడు. యాడన్న చీరుకపోయిందా, నెత్తురుందా?"

కొంగు తీసి చూసిన. లేదన్న. మంచిగ సూడుమన్నడు. గీత కూడ పడలేదు మామా అన్న. నిన్నమొన్న కాపురానికొచ్చిన నా సాక్ష్యం అడిగిండు ఆయన. ఆ గౌరవం నేనెన్నడూ మర్వలే.

ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నోరు మాత్రం మూయలే. ఎదురొచ్చినోళ్లందరికీ అట్లనే తెరిచి చూపించుకుంట మిర్యాలగూడ దాక నడిచిండు.