మా అక్క గోడ మీద హుయిచోల్ జింక

సత్తువాచారిలో ఫ్లాటు కొన్నాక మా అక్కకు హాల్లో సోఫా వెనకుండే ఖాళీ గోడ దిగులు పట్టుకుంది. ఆ బ్లాకులో ప్రతి ఇంటి హాల్లోనూ గోడకు తంజావూరు పటమే. "అందరిండ్లలో ఉండేదే నా ఇంట్లో కూడా ఉంటే ఇంక నేనెందుకు?" అనింది. మా బావ పేపర్లోకి దూరిపోయినాడు. పెండ్లయిన నాటినుంచీ ఆయన అట్లానే నెట్టుకొస్తా ఉండాడు.

చివరికి చెన్నైలో విదేశీ చేతిపనులు అమ్మే అంగడి నుంచి ఒక బొమ్మ తెచ్చింది. రమ్మని ఫోన్ చేస్తే వేలూరు బస్టాండు నుంచి ఆటోలో పోయినాను. చదరంగా ఉండే చెక్కపలక. దాని మీద మైనం పూసి, రంగురంగుల ఉన్ని దారాలు ఒకదాని పక్కన ఒకటి ఒత్తి అతికించినారు. నడుమ నీలం జింక, దాని కొమ్ముల మధ్య సూర్యుడు, పక్కన మొక్కజొన్న కంకులు, కింద గుండ్రంగా, పచ్చగా పువ్వులాంటిది ఒకటి. బాగలేదని చెప్పాలని ఎంత ఆశపడి పోయినా చెప్పలేకపోయినాను.

"మెక్సికోలో హుయిచోల్ అని కొండల్లో ఉండే జనం చేస్తారంట. దీనికి శానా అర్థం ఉండాది," అనింది అక్క.

"ఏం అర్థం?"

"పాజిటివ్ ఎనర్జీ."

ఆ అర్థం వచ్చినవాళ్ళను బట్టి మారడం నేను కండ్లారా చూసినాను. ఎదురింటి క్రైస్తవ టీచరమ్మకు ఆ జింక ఏసుప్రభువు గొర్రెపిల్లకు చుట్టం. అరక్కోణం నుంచి వచ్చిన ఆడబిడ్డకు అది వాస్తుదోషం తీసేది. కింది ఫ్లాట్లో ఉండే రిటైరైన పోలీసు ఇన్‌స్పెక్టరుకు బీపీ తగ్గించేది. అక్క ఆయన్ను బొమ్మకు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, "సార్, ఆ పచ్చపువ్వును కదలకుండా చూడండి, మనసు తేలిపోతాది," అనింది. పాపం, ఆయన కాఫీ చల్లారిందాకా చూసినాడు.

నాకు ఉండబట్టలేదు. ఆ సాయంత్రం ఆ ఇంట్లోనే ఫోన్లో వెతికి చదువుకున్నాను. చదివేకొద్దీ నవ్వు తగ్గింది. హుయిచోల్ అనేది బయటివాళ్ళు పెట్టిన పేరు, వాళ్ళు తమను విరారిక అని చెప్పుకుంటారు. మొదట్లో చిన్న పలకలు చేసి, వాన కోసం, బిడ్డల కోసం దేవతలకు మొక్కుకుని, గుహల్లో, ఊటల దగ్గర పెట్టి వచ్చేవాళ్ళంట. అమ్మకానికి పెద్ద బొమ్మలు చేయడం తర్వాత వచ్చింది. ఆ కింద ఉండేది పువ్వు కానే కాదు. పెయోటే అని, ముండ్లు లేని నాగజెముడు జాతి మొక్క. పూజలో దాన్ని తిని, కలిగే దర్శనాలను ఇట్లా దారంతో పలక మీదికి తెస్తారంట. జింక, మొక్కజొన్న, ఆ మొక్క, మూడూ వాళ్ళకు ఒకటే.

ఇదంతా అక్కకు చెప్పినాను. ఆమె చెవికి ఎక్కింది ఒకే ముక్క.

"తింటే మత్తా? గంజాయా?"

"గంజాయి కాదక్కా, వాళ్ళకది దేవుడు."

"ఐయో! ఇన్‌స్పెక్టరును కూర్చోబెట్టి దాన్నే చూడమన్నానే!"

మరుసటి వారం నేను పోయేసరికి బొమ్మ డైనింగు టేబుల్ మీద పడుకోనుంది. అక్క తల ఆరబెట్టుకునే మిషన్‌తో మైనాన్ని మెత్తబెట్టి, కనుబొమలు పీక్కునే పట్టకారుతో ఆ మొక్కను దారం దారంగా పీకతా ఉంది. ఖాళీ అయిన చోట వేలూరు లాంగు బజార్లో కొన్న గులాబీరంగు ఉన్నితో తామరపువ్వు అతికిస్తుందంట.

"వాళ్ళ దేవుణ్ణి పీకి పారేస్తా ఉండావు గదక్కా," అన్నాను. ఎవరో కూర్చుని, ఒత్తి ఒత్తి అతికించిన దారం చెత్తబుట్టలో పోగుపడతా ఉంది.

"దేవుడు వాళ్ళదైతే గోడ నాది," అనింది తలెత్తకుండా.

తామర అతికింది గానీ తామర మాదిరి రాలేదు. అపార్ట్‌మెంటు సెక్రటరీ వచ్చి, "జింకకు క్యాబేజీ పెట్టినారే, ఐడియా సూపర్ మేడమ్," అని మెచ్చుకుని పోయినాడు. ఆ దెబ్బకు బొమ్మ గోడ దిగింది. గుడియాత్తంలో లుంగీల అంగడి పెట్టుకోనుండే మా చిన్నాయనకు "నీకోసమే తెచ్చినా" అని అంటగట్టింది.

చిన్నాయన దాన్ని గల్లాపెట్టె పైన, స్వామి పటాల వరసలో తగిలించినాడు. రోజూ కనకాంబరాల దండ, సాంబ్రాణి. నేను పోయినప్పుడు, "ఇది ఏ సామమ్మా?" అని అడిగినాడు. నాకు తెలిసినంత చెప్పినాను.

"వానకు మొక్కతారా? అయితే మనకూ కావల్సిందే," అని చెంపలేసుకున్నాడు. నా మనసు కరిగిపోయింది. ఇన్నాళ్ళకు ఆ బొమ్మ మర్యాద తెలిసినవాళ్ళ చేతిలో పడిందని పొంగిపోతా వేలూరు బస్సెక్కినాను.

రెండు నెలలకు ఆ మర్యాద లుంగీగా బయటికి వచ్చింది. నీలం జింక, కొమ్ముల మధ్య సూర్యుడు, కంకులు, దాంతోపాటు గులాబీరంగు క్యాబేజీ కూడా అంచు పొడుగునా అచ్చు వేయించినాడు. గుడియాత్తం బజారంతా హుయిచోల్ దేవతలు మోకాళ్ళ దాకా మడిచి కట్టుకుని టీ తాగతా ఉండారు.

అక్క నాకు ఫోన్ చేసి మండిపడింది. "చూసినావా మే? చిన్నాయన ఒక జాతి సంస్కృతినే అమ్ముకుంటా ఉండాడు! వాళ్ళ నమ్మకాలను ఇట్లా ఇష్టమొచ్చినట్టు మార్చేయచ్చా?"

"ఆ తామర ఒక్కటీ తీసేయమని చెప్పల్లా అక్కా?" అన్నాను.

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను.

"వద్దులే," అనింది అక్క. "మీ బావకు ఒక లుంగీ ఎత్తిపెట్టమని చెప్పు. పెద్ద సైజుది."