మూడడుగుల కర్ర

కొండ మీది దారుల్లో ఏవి పిల్లలతో నడవదగ్గవో తేల్చే ఉద్యోగం ఆవిడది. చేతిలో ఎప్పుడూ మూడడుగుల కర్ర ఉంటుంది కాబట్టి ఆఫీసులో అందరికీ కర్రత్తయ్య. మూడేళ్ల పిల్ల ఎత్తు అది. ప్రతి మలుపులో దాన్ని నిలబెట్టి, పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, ఆ ఎత్తు నుంచి చూస్తుంది. చిన్న అడుగులు వేసీ వేసీ పెద్ద అంగ వెయ్యడమే మరచిపోయిందని, బజారులో కూడా పసిపిల్లలాగే నడుస్తుందని మొగుడి ఎగతాళి.

ఆ ఉదయం లోయ అంచున ఆవిడ నిలబెట్టి తోసిన కర్ర, అడ్డంగా కట్టిన ఇనుప కమ్మీకి తగలకుండా, దాని కిందుగా నిలువునా అవతలికి వెళ్లిపోయింది.

"సంతకం పెట్టండమ్మా, కింద 'పిల్లలకి మంచి దారి' అని బోర్డు కూడా పాతేశాం. పెద్దవాళ్లు చెయ్యి పట్టుకునే ఉంటారుగా!" అన్నాడు పై అధికారి, గడియారం చూసుకుంటూ.

"లోయ కనబడేదాకా పట్టుకుంటారండీ," అంది ఆవిడ లేవకుండానే.

అంతలో బోర్డు చూసి ఒక కుటుంబం పైకి వచ్చింది. "అబ్బ, ఎంత బావుందో!" అంటూ తల్లి ఆగిపోయింది. తండ్రి కూతురి చెయ్యి వదిలి ఫోన్ తీశాడు. పిల్ల తిన్నగా కమ్మీ వైపు నడిచింది. తల వంచాల్సిన పని కూడా లేదు.

"పట్టుకోండి!" అని కర్రత్తయ్య అరిచింది. అధికారి మోకాళ్ల మీద పడి పిల్ల గౌను దొరకబుచ్చుకున్నాడు.

తండ్రి ఫోన్ దించాడు. "ఏమైందండీ? పిల్లలకి మంచి దారనే కదా రాశారు!"

అధికారి గౌను వదల్లేదు, పైకి లేవలేదు. ఆ ఎత్తు నుంచి ఆయనకు కమ్మీ కనబడటం లేదు. లోయే కనబడుతోంది.