ఎండ్రిన్ ఒలికిన బస్సు

యుద్ధం వచ్చిన ఏడాది నేను ఆదిలాబాద్‌లో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని. శత్రువులు ఆకాశం నుంచి విషం కురిపిస్తే గోడలు, బల్లలు, బండ్లు ఎట్లా కడుక్కోవాలో ఊరికి నేర్పమని పైనుంచి హుకుం వచ్చింది. దానితోపాటు వీపుకు తగిలించుకునే ఇత్తడి పంపు ఒకటి పంపారు. పిడి కొడుతుంటే మందు కలిపిన నీళ్లు తుంపరగా చిమ్ముతుంది. బడి బల్లల మీద, జిన్నింగు మిల్లు గోడల మీద ఉత్త నీళ్లు చిమ్మి చూపించాను. చప్పట్లు కొట్టారు. ఆ మర్నాటి నుంచి ప్రతి దఫ్తరుకూ నా పంపే కావలసి వచ్చింది. ఒకరికి పూలమొక్కలు తడపాలి, ఇంకొకరికి గోడలకు సున్నం వేయాలి. ఇవ్వనంటే, "విషం ఎప్పుడు పడ్తదో ఏమో, గప్పటిదాంక ఊకెనే పెట్టుకుంటవా?" అని నన్నే నిలదీసేవారు.

ఆకాశం నుంచి ఏమీ పడలేదు. ఒక మధ్యాహ్నం బస్టాండు నుంచి కబురొచ్చింది. ఉట్నూర్ బస్సులో ఎవరో సీటు కింద దాచిన పత్తి పురుగుల మందు డబ్బా, ఇనుపపెట్టె గుద్దుకుని పగిలిందట. ఎండ్రిన్! ఒంటికి తగిలినా ప్రమాదమే.

నేను పరుగెత్తుకుపోయేసరికి కండక్టర్ భుజం మీది తువ్వాలతో సీటు తుడుస్తున్నాడు, ఉత్త చేతులతో.

"అరె, ఏం చేస్తున్నవయ్యా? ముందుగాల చేతులు కడుక్కో, సబ్బుతోటి!"

"ఫికర్ చెయ్యకుండ్రి సారూ, ఆరిపోతది. బండి టైం అయితాంది."

అందరినీ దించి, ఎవరూ ఎక్కకుండా మెట్టు మీద అడ్డంగా నిలబడ్డాను. పంపు తెమ్మని మా దఫ్తరు జవానును పంపించాను. అది ఎవరో ఆఫీసరు బంగళాకు సున్నం కొట్టడానికి పోయిందట! చాలాసేపటికి తెచ్చాడు. మూతి నిండా సున్నం గడ్డకట్టి ఉంది. పిడి కొడితే ఉస్సుమంది తప్ప చుక్క రాలేదు. ఆ ఇత్తడి పంపును అక్కడే నేలకేసి కొట్టాలనిపించింది. కానీ ఉన్నది అదొక్కటే.

జవాను సన్న తీగతో సున్నం పొడిచి తీస్తుంటే, నేను రబ్బరు తొడుగులు వేసుకుని ఒలికిన మందు మీద బూడిద పోశాను. పీల్చుకున్నాక ఎత్తి గుంతలో పూడ్పించాను. సీటు కిందే ఒక ముసలామె జొన్నల మూట ఉంది. సగం తడిసింది. బయటికి తీయగానే ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నా బిడ్డ బాలెంత. గీ జొన్నలు దానికే తీస్కపోతున్న. యాడ పారబోస్తవ్?"

"గివి తింటే సస్తరవ్వా."

"కడిగి ఎండబెడ్త."

"కడిగినా పోదు."

"గంత పెద్ద బస్సు కడిగితె పోతదట, నా జొన్నలకు పోదా?"

చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు. నాకు జవాబు తెలుసు. ఇనుము మందును లోపలికి పీల్చుకోదు, గింజ పీల్చుకుంటుంది. అరిచి చెప్పాను. ఎవరికీ తలకెక్కలేదు. మూట లాక్కున్నాను. ఆమె కూడా లాగింది. చివరికి విసుగెత్తి, "మా ఇంట్ల జొన్నలు ఇస్త, ఇది ఇడువు!" అన్నాను. అప్పుడు వదిలింది. ఆమె చేతులు సబ్బుతో కడిగించి, ఆ మూటనూ గుంతలో పూడ్పించాను.

జవాను మా ఇంటికి పోయాడు. మా ఆవిడ ఏమందో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈలోగా మిగిలిన సున్నం నేనే పొడిచి తీస్తే పంపు మూతి తెరుచుకుంది. బట్టల సోడా, సబ్బు కలిపిన వేడినీళ్లతో ఆ సీటును, కింది రేకును, మెట్టును మళ్లీ మళ్లీ తోమి కడిగాను. ఆ నీళ్లు పశువులు తాగే వైపు పోకుండా పక్కన కాలువ తీయించాను. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు.

పొద్దు వాలుతుండగా మా ఇంటి జొన్నలు వచ్చాయి. ముసలామె గుప్పెడు తీసి వెలుతురులో చూసింది.

"గింజ సన్నగున్నది," అంది.

ఆమె మూట భుజానికెత్తుకుని బస్సెక్కి, కడిగిన సీటుకు దూరంగా కూర్చుంది. కిటికీలోంచి తల బయటపెట్టింది. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను.

"సబ్బు వాసనకు తల తిరుగుతాంది సారూ. జర తక్కువ పొయ్యరాదు?"

బస్సు కదిలింది. నా బట్టలన్నీ తడిసి ఉన్నాయి. నేను అక్కడే బస్టాండు మెట్ల మీద కూర్చుండిపోయాను.