ఆరో చప్పుడు

నంగునూరు దాటాక ఒక గుట్ట ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానంటే, దాన్ని పగలగొట్టి లారీలకెత్తింది మేమే. ఆ గ్రానైటు ఓడలెక్కి ఏయే దేశాలో చూసింది. మేం సిద్దిపేట బస్టాండు దాటిందే తక్కువ.

లెక్కలకు భయపడి ఏడో తరగతిలో బడి మానేసిన నాకు క్వారీలో దొరికిన పని లెక్కపెట్టడమే. బండకు రంధ్రాలు కొట్టి, మందు కూరి, వత్తులు ముట్టించి అందరం దూరంగా దాక్కునేవాళ్లం. ఎన్ని రంధ్రాలో అన్ని చప్పుళ్లు వినపడాలి. ఒకటి తగ్గిందంటే లోపల పేలని మందు ఉన్నట్టే. దాని మీద డ్రిల్లు పెట్టినవాడు ఇంటికి రాడు.

తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజులవి. ఆ పొద్దు ఆరు రంధ్రాలు ముట్టించారు. నేను వేళ్లు మడిచి, "ఆరు! అయిపోయినయ్" అని అరిచాను. మా అక్క మొగుడు డ్రిల్లు భుజానికెత్తుకుని కిందికి దిగాడు. అప్పుడే రోడ్డు మలుపు తిరిగి ఊరేగింపు వచ్చింది. డప్పులు, జై తెలంగాణ కేకలు, వాటి నడుమ ధన్‌మని ఒక పటాకి.

అచ్చం నేను లెక్కపెట్టిన ఆరో చప్పుడు. అంటే వీళ్లు మలుపు అవతలి నుంచే కాలుస్తూ వస్తున్నారు.

"బావా, ఆగు!"

"ఏందిరా బామ్మర్ది, తేలు గుట్టిందా?"

"లెక్క తప్పినట్టున్నది. ఆరోది పటాకేమో."

"నిన్న పామన్నవు, సూస్తే తాడు. మొన్న సేటొచ్చిండన్నవు, సూస్తే మేక."

పైనుంచి మేస్త్రీ కేకేశాడు. "వాని కతలు పొద్దుగూకెదాక ఒడువయి. కానియ్, లారీ ఆగున్నది."

బావ డ్రిల్లు బండకు ఆనించాడు. ఇంకో మాట అందామని నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. బావ తలెత్తి నన్ను చూశాడు. ఆయన ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"మేస్త్రీ, వీడు ఎదురు మాట్లాడుతలేడు. లగ్గమైన కాడికెల్లి గిట్ల సూడలే. నేను డ్రిల్లు కొట్ట."

డ్రిల్లు అక్కడే వదిలి, బండ మీద చూపు తిప్పకుండా వెనక్కి వెనక్కి నడిచి వచ్చాడు.

తెల్లారి మేస్త్రీయే వంగి చూశాడు. డ్రిల్లు పక్కనే, రాళ్లపొడి కింద, సగం కాలి ఆరిపోయిన వత్తి. దూరం పొమ్మని చెయ్యి ఊపాడు.

ఆ సాయంత్రం ఊరేగింపు మళ్లీ వచ్చింది. పటాకి పేలింది. అందరం ఉన్నచోటే నేలకు కరుచుకుపోయాం.

"ఎన్నోదిరా గిది?" పక్కన పడుకునే అడిగాడు బావ.

నేను మడిచిన వేలు మళ్లీ తెరిచాను.