టైలరమ్మ బాగున్న రోజులు

టైలరమ్మ ఆ రోజు టేపు ముట్టకుండా ఒక చొక్కా కత్తిరించేసింది. మనిషిని ఎగాదిగా చూసింది, బల్ల మీద గుడ్డ పరిచింది, కత్తెర ఆడించింది. కుట్టి తొడిగితే భుజాల దగ్గర అతికినట్టు సరిపోయింది. ఆ పెద్దమనిషి అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, నీ చేతిలో ఏదో ఉందమ్మా అని మురిసిపోతూ వెళ్ళాడు. టైలరమ్మకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

పని కుదిరితే ఎవరైనా సంబరపడతారు, ఈవిడకు భయమేమిటి అంటారా? ఆరోగ్యంగా ఉన్నప్పుడు టైలరమ్మ ఒకటికి రెండుసార్లు కొలిచే మనిషి. సుద్దముక్కతో గీసి, చెరిపి, మళ్ళీ గీసి, అప్పుడు గానీ కత్తెర పట్టదు. కొలవకుండా కత్తిరించడం ఆమె జీవితంలో ఒక్కసారే జరిగింది. ఆ ముచ్చట వీధి వీధంతా కథలు కథలుగా చెప్పుకుంటుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక పొద్దున ఆమె ఇంట్లోని పరదాలన్నీ దింపేసింది. సాయంత్రానికల్లా వీధిలోని ఆడపిల్లలందరికీ గౌన్లు తయారు. అందరికీ అదే నీలం పువ్వులు, అదే అంచు. ఆహా ఏం మనసమ్మా అన్నారు తల్లులంతా. పరదాలు లేని కిటికీల్లోంచి ఇల్లంతా రోడ్డుకు కనిపిస్తుంటే అత్తగారొక్కతే నెత్తీ నోరూ కొట్టుకుంది. తర్వాత టైలరమ్మ పక్కింటి పరదాలు దింపబోయింది. ఊళ్ళో ఉన్న పిల్లలందరికీ బట్టలు కుట్టే బాధ్యత తనదేనంది. నిద్ర మానేసింది. మాటకు మాట అందకుండా మాట్లాడింది, అడ్డొచ్చిన వాళ్ళ మీద విరుచుకుపడింది. చివరికి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. అది దిగాక ఇంకో అవతారం. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకుంది, తల దువ్వుకోవడానికి కూడా లేవలేదు.

డాక్టరమ్మ దానికి బైపోలార్ అని పేరు చెప్పింది. మనసు ఒకసారి పైకి ఎగిరిపోతుంది, ఒకసారి కిందికి కుంగిపోతుంది, రెండూ జబ్బే అంది. కుంగినప్పుడు వైద్యానికి వస్తారుగానీ ఎగిరినప్పుడు రారు, ఎందుకంటే అప్పుడు హాయిగా ఉంటుంది అని కూడా చెప్పింది. లిథియం మాత్ర రాసింది. నీళ్ళు బాగా తాగాలి, అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించుకోవాలి, చెప్పకుండా మాత్ర మానకూడదు. మాత్ర వేసుకుంటున్నా ఒక్కోసారి జబ్బు తిరగబెట్టవచ్చు. నిద్ర తగ్గి, అయినా అలసట లేకపోతే అదే మొదటి గుర్తు. ఆలస్యం చేయకుండా ఇంటి మనిషిని వెంటబెట్టుకుని రావాలి.

ఇంత చెబితే ఇంట్లోవాళ్ళు చెవికెక్కించుకున్నది ఒక్క మాత్ర సంగతి. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వాదనలో ఓడిపోతున్న వాళ్ళందరికీ అదొక ఆయుధమైంది. కుళాయి కారుతోందని ఎన్నిసార్లు చెప్పాలండీ అని భర్తను అడిగితే, మాత్ర వేసుకున్నావా అంటాడాయన. ఆయన ఉద్యోగమేమో నీళ్ళ ఆఫీసులో! కూరలో ఉప్పు సరిపోయిందత్తయ్యా అంటే అత్తగారు అదే మాట. ఇంత పొద్దుపోయేదాకా ఎక్కడున్నావే అంటే కాలేజీకెళ్ళే కూతురూ అదే మాట. నవ్వినా మాత్రే, టీవీ చూసి కళ్ళు తుడుచుకున్నా మాత్రే. నిజానికి ఆమె ఒక్కపూట మానలేదు. ఆ మాత్ర వల్ల వేళ్ళు వణికి సూదిలో దారం ఎక్కకపోయినా మానలేదు. గొంతు పెంచడం మాత్రం మానేసింది. నోట్లో నాలుక లేని మనిషి అని చుట్టుపక్కల వాళ్ళు మెచ్చుకున్నారు.

అలాంటి మనిషి ఇప్పుడు తెల్లవారకముందే లేచి, పేరుకుపోయిన బట్టలన్నీ కుట్టి పడేస్తోంది. వేళ్ళు వణకడం గుర్తే లేదు. భర్త చొక్కాలకు గుండీలన్నీ కొత్తవి వేసింది. అత్తగారి కాళ్ళకు నూనె రాస్తూ కబుర్లు చెప్పి నవ్వించింది. కూతురికి అడగకుండానే రెండు జతలు కుట్టి ఇచ్చింది. ఇల్లంతా కళకళలాడింది. ఏళ్ళ తర్వాత భర్త ఆమె జోకుకు పగలబడి నవ్వాడు. నా కోడలు మళ్ళీ మనిషైందని అత్తగారు వీధి గుమ్మంలో నిలబడి చాటింపు వేసింది. విచిత్రం చూడండి, ఆ వారం మొత్తం మాత్ర వేసుకున్నావా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

ఆ చొక్కా కత్తిరించిన రోజు టైలరమ్మ ముగ్గురికీ విడివిడిగా సంగతి చెప్పింది. అత్తగారు దిష్టి తగులుతుంది ఊరుకో అంది. కూతురు, నువ్విలా ఉంటేనే బాగున్నావమ్మా అని మెడ చుట్టూ చేతులు వేసింది. భర్త పేపరు దించాడు.

"ఏవండీ, నాకు మళ్ళీ వస్తోంది. డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

"ఏం వస్తోంది? ఇంత చక్కగా ఉన్నావు. లేనిపోనివి ఊహించుకోకు."

ఒంటరిగా వెళ్ళలేదా అంటే వెళ్ళగలదు. కానీ ఆమెకు తన మీదే నమ్మకం సడలుతోంది. లోపల ఇంకొకతి తయారైంది. హాయిగా ఉందిగా, ఎందుకే వెళ్ళడం, ఆ వణుకుడు చేతులు మళ్ళీ కావాలా అని పోరుపెడుతోంది. నాలుగు రోజులు ఆగితే ఆ రెండోదే గెలుస్తుందని టైలరమ్మకు తెలుసు. ఆ తర్వాత పరదాలు, ఆసుపత్రి, గోడ. ఆ గోడ తలుచుకుంటే ఆమెకు ఒళ్ళు జలదరించింది. చచ్చినా మళ్ళీ అక్కడికి పోకూడదు.

రక్తపరీక్ష గడువు దగ్గరపడిందని చెప్పి భర్తను బయల్దేరదీసింది. ఆయన శుభ్రంగా గడ్డం గీసుకుని, కొత్త గుండీల చొక్కా వేసుకుని, షికారుకు వెళ్తున్నట్టు వచ్చాడు. బయట బెంచీల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. లోపలికి వెళ్ళగానే డాక్టరమ్మ అలవాటు చొప్పున ఆమె తల మీదుగా ఆయన్నే అడిగింది, ఈవిడ ఎలా ఉన్నారని.

"బ్రహ్మాండంగా ఉంది డాక్టరుగారూ. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ లేదు. మాత్ర కొంచెం తగ్గించొచ్చేమో చూడండి."

టైలరమ్మ కల్పించుకుంది. నిద్ర లేదని, అలసట లేదని, టేపు లేకుండా గుడ్డ కత్తిరిస్తున్నానని చెప్పింది. ఆయన నవ్వేశాడు. పనిమంతురాలండీ, భయస్థురాలు, అంతే అన్నాడు. చెప్పేదేమో జబ్బుమనిషి, కాదనేదేమో ఇంటి మనిషి. పైగా ఆమె కూర్చున్న తీరు, మాట్లాడిన తీరు పద్ధతిగా ఉన్నాయి. డాక్టరమ్మ ఇద్దరినీ చూసి, గడియారం చూసి, రక్తపరీక్ష ఫలితం రానివ్వండి, అప్పుడు ఆలోచిద్దాం అంది. తర్వాతి రోగిని పిలవడానికి గంట మీద చెయ్యి వేసింది.

అప్పుడు టైలరమ్మకు తట్టింది. ఈ మనుషులకు తెలిసిన జబ్బు లక్షణం ఒక్కటే, తను ఎదురు మాట్లాడటం. సరే, అదే చూపిద్దాం అనుకుంది.

నోరు తెరిచింది. మొదటి రెండు మాటలు లెక్క ప్రకారమే అన్నది. ఆ తర్వాత లెక్క తప్పింది, ఏళ్ళ తరబడి మింగినదంతా కట్ట తెగినట్టు బయటికొచ్చింది. తను గోడవైపు తిరిగి పడుకున్న నెలల్లో ఈయన ఒక్కపూటైనా ఆ గదిలోకి వచ్చి కూర్చోలేదంది. చుట్టాలకు నేను పుట్టింటికి వెళ్ళానని అబద్ధం చెప్పారు, నేను పక్కగదిలో పడుకుని ఆ మాట వింటూనే ఉన్నానంది. అత్తగారి నోటి గురించి చెప్పింది. కారే కుళాయి గురించి కూడా చెప్పింది.

"నేనేది మాట్లాడినా మాత్ర అడ్డం పెట్టారు. నేను మింగింది మందు కాదండీ, మీ అందరికీ నా నోరు మూయించే బిరడా!"

గొంతు వరండా దాకా వెళ్ళింది. నర్సు తలుపు తీసి తొంగిచూసింది. భర్త మొహంలో నెత్తురు చుక్క లేదు. "చూశారా డాక్టరుగారూ, ఇదే. పోయినసారి కూడా అచ్చం ఇలాగే మొదలైంది" అన్నాడు. పోయినసారి మొదలైంది గౌన్లతో, అందరి మెచ్చుకోళ్ళతో. కానీ ఆ మాట ఇప్పుడెవరికి కావాలి?

డాక్టరమ్మ మందు పెంచింది, నిద్రకు ఇంకో మాత్ర చేర్చింది, రక్తపరీక్ష ఆ రోజే చేయించింది, ప్రతివారం రమ్మంది. భర్త తానే మందుల షాపు దగ్గర వరుసలో నిలబడ్డాడు. మెట్లు దిగేటప్పుడు భద్రంగా చెయ్యి పట్టుకున్నాడు. టైలరమ్మ కళ్ళు తుడుచుకుంది. బతికానురా దేవుడా అనుకుంది.

మందు పనిచేసింది. మొదట మత్తుగా, తర్వాత మామూలుగా నిద్ర పట్టింది. చేతి వణుకు తిరిగొచ్చింది, టేపు మెడకెక్కింది. ఇంట్లో నవ్వులు తగ్గాయి. అత్తగారు వచ్చినవాళ్ళందరికీ, పాపం ఆ రోజు దాని మనసు దాని చేతుల్లో లేదమ్మా, మేమేం మనసులో పెట్టుకోలేదు అని చెప్పింది. భర్త కూడా పెద్ద మనసు చేసుకున్నాడు. ఒక్కసారీ ఆ ఊసెత్తి దెప్పలేదు. ఇంటిల్లిపాదీ కలిసి తనను క్షమించేస్తుంటే టైలరమ్మకు ఒళ్ళు మండిపోయేది. కుట్టుమిషను తొక్కుతూ ఊరుకునేది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆయన కొట్టులోకి వచ్చి, ఆమె అవస్థ చూసి, సూది తీసుకుని దారం ఎక్కించి పెడుతున్నాడు. ఏదో అడగాలని వచ్చినట్టు రెండు మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఆ రోజు అక్కడ అన్నావే, అదంతా జబ్బు వల్లే కదా?"

అవునంటే అక్కడితో పోతుంది. ఆయనకు కావలసిందీ అదే. మొహంలో తెలిసిపోతోంది. టైలరమ్మ మిషను ఆపింది. గొంతు పెంచలేదు.

"కాదండీ. అంతకుముందు వారమంతా మీరంతా మురిసిపోయారే, అది జబ్బు. డాక్టరమ్మ గదిలో మాట్లాడింది నేను."

  ఆయన సూది పక్కన పెట్టి, స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"అయితే నేను సరిగ్గా వినలేదు" అన్నాడు. "జబ్బనుకున్నాను కదా, అసలు వినలేదు."