శాంతాబాయి వచ్చిన రోజు

వెంకటనర్సమ్మ నాచారంలో ఒక మందుల కంపెనీలో పదహారేళ్లుగా గోలీల డబ్బాలకు మూతలు బిగిస్తోంది. ఆలేరు దగ్గరి పల్లె నుంచి భర్తతో వచ్చింది. ఆయన పోయాక కంపెనీల వెనక గల్లీలో ఒక గదిలో మిగిలింది. ఆ గదిలో ఆరేళ్లు ఆమెతో పాటు ఉన్నది శాంతాబాయి. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే షిఫ్టు, ఒకటే పొయ్యి. కూతురి కాన్పుకు సాయంగా ఉంటానని 2005లో జనగామ వెళ్లిన శాంతాబాయి మళ్లీ రాలేదు.

నాలుగేళ్ల తర్వాత ఫోన్ చేసి, చూడటానికి వస్తున్నానంది. వెంకటనర్సమ్మ రెండు రోజులు సెలవు పెట్టింది. మొదటి రోజు మౌలాలి గుట్ట, రెండో రోజు ఉప్పల్ స్టేడియం, రామంతాపూర్ చెరువు అనుకుంది. నిజానికి వీటిలో వేటినీ ఆమె కూడా చూడలేదు. ఒక్కతే ఎక్కడికని పోతుంది?

పొద్దున్నే సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు వేసి, గిన్నె అడుగున అద్ది, అంచులు ఎర్రబడేదాకా కాల్చింది. బస్సు దిగి వచ్చిన శాంతాబాయి ఒక ముక్క తిని ఇంకోటి అందుకుంది. ఒకరు చేసిపెడితే తిని ఎన్నాళ్లయిందో అంది.

షేర్ ఆటోలో మౌలాలి వెళ్లి గుట్ట మెట్లెక్కారు. మోకాళ్ల నొప్పులతో మధ్యలో రెండుసార్లు కూర్చున్నారు. పైన గాలి. కింద రైలు పట్టాలు, దూరంగా స్టేడియం లైట్ల స్తంభాలు. తమ కంపెనీ ఎక్కడుందో చాలాసేపు వెతికారు. ఒకరు చూపిన షెడ్డును ఇంకొకరు కాదన్నారు. వెంకటనర్సమ్మ అంతగా నవ్వి చాలాకాలమైంది.

అప్పుడే శాంతాబాయి ఫోన్ మోగింది. రాత్రికి చుట్టాలొస్తున్నారు, వచ్చి వండిపెట్టాలని అల్లుడు చెప్పాడు. ఆమె సరేనంది.

వెంకటనర్సమ్మ ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. ఆ రోజు అడిగింది.

"ఈ ఒక్క రాత్రి ఉండరాదు శాంతా. రేపటికి గూడ సెలవు వెట్టిన."

శాంతాబాయి కొంగు సర్దుకుంది. "ఉండబుద్ధయితుంది అక్కా. పోకపోతే ఆళ్లు మాట్లాడరు. నా బిడ్డ గూడ మాట్లాడది."

"అయితే మొత్తానికే వచ్చెయ్. గది గట్లనే ఉన్నది."

"మనుమడు నా పక్కల్నే పంటడు. ఆన్ని ఇడిసి ఎట్ల రావాలె?"

వెంకటనర్సమ్మ లేచి, మెట్లు దిగడానికి ఆమెకు చెయ్యి అందించింది.

ఉప్పల్ చౌరస్తాలో బండి దగ్గర మిర్చి బజ్జీలు తినిపించింది. సగంలో ఉండగానే జనగామ మీదుగా పోయే వరంగల్ బస్సు వచ్చింది. శాంతాబాయి కిటికీలోంచి ఏదో అంది. హారన్ల మోతలో వినబడలేదు.

మర్నాడు వెంకటనర్సమ్మ డ్యూటీకి పోయింది. సెలవు కదా అని సూపర్‌వైజర్ హైమావతి అడిగితే, చుట్టం తొందరగా వెళ్లిపోయిందని చెప్పింది.

కొన్నాళ్లు ఆదివారాలు ఫోన్లు వచ్చాయి. తర్వాత నెలకొకటి అయ్యాయి, ఆ తర్వాత అవీ లేవు. తెలంగాణ రాష్ట్రం వచ్చిన రోజు గల్లీలో పటాకులు కాలుస్తుంటే, ఆ సంతోషం చెప్పుకోవాలని వెంకటనర్సమ్మే ఫోన్ చేసింది. శాంతాబాయి కూతురు ఎత్తింది.

"ఏ వెంకటనర్సమ్మ?" అని అడిగింది.

నాచారంలో మీ అమ్మా నేనూ ఒకే గదిలో ఉండేవాళ్లమని చెప్పింది. అమ్మ పడుకుంది, లేచాక చేయిస్తానంది ఆ పిల్ల.

వెంకటనర్సమ్మ చీకటి పడేదాకా ఎదురుచూసింది. తర్వాత, తెల్లారితే మొదటి షిఫ్టు కాబట్టి, ఇంత అన్నం తిని పడుకుంది.