ఆరు మూలల పెట్టె

సంగీతం టీచరుగారు ఇక లేరని ఫోన్ వచ్చేసరికి నేను అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆటోలో ఉన్నాను. చుట్టూ హారన్లు. ఆవిడైతే వాటిలో ఏది ఏ శ్రుతిలో మోగుతోందో చెప్పేవారు. ముందు నాకు ఆ సంగతే గుర్తొచ్చింది, ఏడుపు తర్వాత వచ్చింది.

టీచరుగారు అంటున్నాను గానీ ఆవిడ నాకు ఒక్క పాఠమూ చెప్పలేదు. కంప్యూటర్ కోర్సు కోసం ఊరి నుంచి వచ్చి, పంజాగుట్ట సందులో ఆవిడ మేడమీది గదిలో అద్దెకు దిగాను. అమీర్‌పేటలో గోడ కనబడకుండా కోర్సుల బోర్డులు వేలాడుతున్న రోజులవి. కింద ఆవిడ, ఆవిడ చెల్లెలుగారు ఉండేవారు. పాట అక్కది, వంట చెల్లెలిది. దిగిన వారంలోనే నా చేత సరిగమలు పాడించి, "నువ్వు కంప్యూటరే నేర్చుకో అమ్మాయ్. దానికి చెవులుండవు" అని తేల్చేశారు.

ఆవిడకి ప్రతిదాన్నీ మోగించి చూడటం అలవాటు. బజార్లో స్టీలు గిన్నె కొన్నా గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవారు. "మేడం, వండుకుంటరా, వాయిస్తరా?" అని షాపతను నవ్వేవాడు. "చూసి కాదు, విని చెప్పాలి" అనేవారు ఆవిడ, గిన్నెకైనా మనిషికైనా.

ఒక వేసవిలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. మిగతా ఒళ్లంతా కోలుకుంది గానీ ఎడమచేతి వేళ్లకి పట్టు రాలేదు. హార్మోనియం తిత్తి ఎడమచేత్తోనే కదా కొట్టాలి. నేను కొడతానంటే, "నా బదులు నువ్వు ఊపిరి పీలుస్తావా?" అని నవ్వి పెట్టె మూసేశారు. నవ్వారు గానీ ఆ తర్వాత ఆ ఇంట్లో హార్మోనియం మోగలేదు. మేడమీద ఉన్న నాకే ఏదోలా ఉండేది, ఇక ఆవిడకి ఎలా ఉండేదో.

ఓరోజు నెట్ సెంటర్లో, పాత సామాన్లు అమ్మే సైటులో సైకిల్ కోసం వెతుకుతుంటే "పాత చిన్న హార్మోనియం, చేత్తో పట్టుకునేది" అని ఒక ఫొటో కనబడింది. ప్రింటు తీసి పట్టుకెళ్లాను. రెండు పక్కలా ఆరు మూలల చెక్కలు, మధ్యలో మడతల తిత్తి, చెయ్యి దూర్చడానికి తోలుపట్టీ. టీచరుగారు కళ్లజోడు మార్చుకుని చూశారు.

"ఇది కాన్సర్టీనా అమ్మాయ్. చిన్నప్పుడు మా బళ్లో ఒక దొరసాని వాయించేది. పట్టుకోవడానికి వేళ్లు అక్కర్లేదు, పట్టీలో చెయ్యి ఇరికిస్తే చాలు. కానీ ఇదేం రకం?"

ఇక వారమంతా అదే ప్రశ్న. నేను నెట్‌లో చదివొచ్చి చెప్పడం, ఆవిడ అడ్డు ప్రశ్నలు వెయ్యడం. తేలిందేమిటంటే వీటిలో ముఖ్యమైనవి మూడు రకాలు. మొదటిదానికి బొటనవేలు దూర్చే చిన్న పట్టీ ఉంటుంది, స్వరాలు రెండు చేతులకీ ఒకటి విడిచి ఒకటి పంచేసి ఉంటాయి. ఫొటోలో అరచేతికి అడ్డంగా పెద్ద పట్టీ ఉంది కనక అది కాదు. రెండోది ఆంగ్లో. అందులో ఒకే బటన్ తిత్తి మూస్తే ఒక స్వరం పలుకుతుంది, తెరిస్తే ఇంకో స్వరం. మూడోది డ్యూయెట్. ఎటు లాగినా స్వరం మారదు, పాటంతా కుడిచేతి కిందే ఉంటుంది. ఎడమచెయ్యి ఊరికే లాగితే చాలు. ఆవిడకి కావలసింది అదే. ఫొటోలో మాత్రం బటన్ల మీద ఎవరిదో చెయ్యి అడ్డం ఉంది.

"ఫోన్ చెయ్యి. వినేద్దాం" అన్నారు.

అమ్మేది యూసుఫ్‌గూడ ఆయన. "ఒకే బటన్ నొక్కి పట్టుకుని ముందు మూయండి బాబూ, తర్వాత తెరవండి" అని టీచరుగారు చెబితే, "గట్లనే మేడం, జర ఆగుండ్రి" అన్నాడు. రిసీవరుకి ఆవిడ చెవి ఒక పక్క, నా చెవి ఒక పక్క. మూశాడు. ఒక స్వరం. తెరిచాడు. అదే స్వరం. ఇంకో బటన్ నొక్కించారు. అదీ అంతే.

"డ్యూయెట్టే!" అని ఆవిడ నా భుజం పట్టుకుని ఊపేశారు.

ఆటోలో యూసుఫ్‌గూడ వెళ్లాం. పెట్టె చేతికి రాగానే ఆవిడ మొహం చిన్నబోయింది. పక్కకి రెండే వరసలు, కాసిని బటన్లు. డ్యూయెట్‌కి ఇంత తక్కువ ఉండవని చదివే వెళ్లాం. చూస్తే అచ్చంగా ఆంగ్లో. మరి స్వరం ఎందుకు మారడం లేదు?

"దీన్ని ఎవరైనా బాగుచేశారా బాబూ?"

"మా నాయిన చేయించిండు మేడం. ఒక్క బటన్ల రెండు సౌండ్లు వస్తున్నయి, ఖరాబైందని హార్మోనియం రిపేర్ చేసేటాయనకు ఇచ్చిండు. ఆయన మస్తు తిప్పలు పడి, కొన్ని రీడ్లు సుత మార్చి సక్కగ చేసిండు. గిప్పుడు ఎట్ల లాగినా ఒక్కటే సౌండు. ఫికరే లేదు."

టీచరుగారు నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయారు. "హార్మోనియం వాళ్లం కదా! తోస్తే ఒకటి, లాగితే ఒకటి పలికితే ఊరుకుంటామా? నేనైనా అదే చేయించేదాన్ని."

నాకు నవ్వు రాలేదు. ఉన్న స్వరాల్లో సగం తీసేసిన పెట్టె ఆవిడకి ఎందుకు? పోదాం రండి అన్నాను.

"ఉండవమ్మా. పోయినవి పోయాయి, ఏం మిగిలాయో చూడొద్దూ?"

ఎడమచెయ్యి పట్టీలో పెట్టి నన్ను బిగించమన్నారు. కుడిచేత్తో ఒక్కొక్కటే నొక్కారు. ఒక వరసలో స, గ, ప. రెండో వరసలో ప, ని, రి. తిప్పి తిప్పి అవే. మ లేదు, ద లేదు. ఆవిడ చెయ్యి ఆగింది. తర్వాత నెమ్మదిగా వాటిని వరసలో పెట్టి వాయించారు. స రి గ ప ని.

"అమ్మాయ్, ఇది హంసధ్వని!"

వినాయకుడి పాటలకి పేరున్న రాగం. ఆ రిపేరాయన తనకి తెలియకుండానే ఒక రాగాన్ని పూర్తిగా మిగిల్చాడు.

"అయితే ఇదేం రకమండీ?" అన్నాను తిరుగు ఆటోలో.

"నా రకమే" అన్నారు, పెట్టెని ఒళ్లో సర్దుకుంటూ. "కొన్ని పోయాయి. ఉన్నవి బానే పలుకుతున్నాయి."

ఆ రోజు నుంచి సాయంత్రమయితే చాలు, ఆ సందులో హంసధ్వని. "ఇంకో రాగం లేదా అక్కా?" అని చెల్లెలుగారు వంటింట్లోంచి విసుక్కునేవారు. "ఈ అయిదింటితో నాకింకా పనవలేదే" అని ఈవిడ జవాబు. నేను ఉద్యోగంలో చేరి ఇల్లు మారాక కూడా, ఆ సందు మలుపు తిరగ్గానే ఆవిడ ఇంట్లో ఉన్నారో లేదో నాకు తెలిసిపోయేది.

కర్మకాండలయ్యాక చెల్లెలుగారు నన్ను పిలిపించారు. "నెట్‌లో పెట్టి అమ్మేద్దామమ్మా. అది అలా నోరు మూసుకుని కూర్చుంటే చూడలేకపోతున్నాను. ఏ రకమని రాయాలో నీకైతే తెలుస్తుంది" అన్నారు. బల్ల మీద పెట్టె ఉంది. ఎడమ పట్టీకి టీచరుగారు తన చేతికోసం పొడిపించుకున్న అదనపు కన్నం ఉంది. దాన్ని చూశాక ఫొటో తియ్యడానికి నాకు చేతులు రాలేదు.

"ఒక్కసారి మీరు వాయించండి" అన్నాను.

"నేనా? నా చేత్తో అన్నీ అపస్వరాలే."

"దీంట్లో అపస్వరం లేదండీ. ఎక్కడ నొక్కినా అక్కగారి రాగమే వస్తుంది."

ఆవిడ నమ్మలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని పట్టీల్లో దూర్చారు. ఒక బటన్ నొక్కారు, భయంగా ఇంకోటి, తర్వాత తోచినవన్నీ. తిత్తి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. ఎదురింటి బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న ఆవిడ తడిచీర చేతుల్లో అలాగే పట్టుకుని మా కిటికీ వైపు చూస్తూ నిలబడిపోయింది.